పేటిక పెద్దది, పట్టిక చిన్నది



నేటి ప్రసంగమునకు విషయము, పెద్ద హార్డు డిస్కులను ఫార్మాటు చేయునపుడు అడ్డువచ్చు హద్దులు. ఇది పట్టణములలోని యంత్రజ్ఞులకు తగిన మాటగాని పల్లెపెద్దలకు దీనితో నేమి పని యని కొందఱనుకొనవచ్చును. పని కలదు. పెండ్లి ఫొటోలు, గతించిన తల్లిదండ్రుల కంఠస్వరములు, భూముల దస్తావేజుల ప్రతులు, దేవాలయపు జమాఖర్చులు, ఊరిలో జరిగిన హరికథల చిత్రములు, ఇవి యన్నియు నేడు బీరువాలలో కంటె ఈ చిన్న పేటికలలోనే యెక్కువగా చేరుచున్నవి. దూరదేశములలోని పిల్లలు వచ్చినపుడు పెద్ద డిస్కునొకదానిని కొనితెచ్చి, ఇక మీకు చోటునకు కొదువ లేదని చెప్పి పోవుదురు. వారు పోయిన నాలుగు దినములకు ఆ డిస్కు, ముప్పాతిక వంతు ఖాళీగా నుండియు, చోటు చాలదనును. గాదె ఖాళీగా నుండగా ధాన్యము పట్టదనుట యెట్లు? ఈ చిక్కు నెఱిగినవాడు వస్తువును కాపాడుకొనును. ఎఱుగనివాడు కంగారులో నొక మీట నొక్కి, ఉన్నదానిని గూడ పోగొట్టుకొనును. కావుననే ఈ ముచ్చట.

ముందు డిస్కు అనగా నేమో చూతము. లోపల నునుపైన పళ్లెములు గిఱ్ఱున తిరుగుచుండును. వానిపై అయస్కాంత శక్తితో గుర్తులు వ్రాయబడును. 1956వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి హార్డు డిస్కులో రెండడుగుల వ్యాసముగల పళ్లెములు ఏబది యుండెను. అవి యన్నియు కలిసి పట్టినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో నిముడు పేటిక లక్షల కోట్ల గుర్తులు పట్టుచున్నది. ఒక ఆంగ్లాక్షరము పట్టు చోటును బైటు అందురు. నేడు విశేషముగా వాడుకలోనున్న పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు కావలయును. పది లక్షల బైట్లు మెగాబైటు, నూఱు కోట్లు గిగాబైటు, లక్ష కోట్లు టెరాబైటు. పళ్లెము మీది చోటును చిన్న చిన్న మళ్లుగా విభజించియుందురు. ఆ మడికి సెక్టరని పేరు. చిరకాలము దాని పరిమాణము 512 బైట్లు.

ఇక ఫార్మాటు. మళ్లున్నంత మాత్రమున వ్యవసాయము సాగదు. ఏ మడి యెవరిదో, ఏది బీడో, ఏది సాగులో నున్నదో తెలుపు పట్టిక కావలయును. 1984వ సంవత్సరమున కరణీకములు రద్దగువరకు మన గ్రామములలో ఆ పట్టిక కరణముగారి కట్టలో నుండెడిది. డిస్కులో గూడ అట్టి పట్టిక యొకటి కలదు. ఫలానా ఫైలు ఫలానా మడిలో మొదలై, ఫలానా మడులలో సాగి, ఫలానా చోట ముగియునని అందు వ్రాసియుండును. ఈ పట్టికను వ్రాయు పద్ధతికే ఫైలు సిస్టమని పేరు. క్రొత్తగా ఖాళీ పట్టికను వ్రాయుటయే ఫార్మాటు చేయుట. త్వరగా ముగియు ఫార్మాటులో పొలమును దున్నరు, పాత కట్టను తీసివేసి తెల్ల కాగితముల కట్టను పెట్టుదురు. పంట చేలోనే యుండును, కాని యది యెవరిదో చెప్పువారుండరు.

ఇప్పుడు హద్దు ఎక్కడినుండి వచ్చినదో విచారింతము. ఛందశ్శాస్త్రము తెలిసినవారికి ఇది సులభము. గురులఘువులు రెండే. ఒక అక్షరమునకు రెండు రూపములు, రెండక్షరములకు నాలుగు, మూడక్షరములకు ఎనిమిది. అందుచేతనే మగణ యగణాదిగా మూడక్షరముల గణములెనిమిదియే గాని తొమ్మిదవది పుట్టదు. ఒక్కొక్క అక్షరము చేరినకొలది లెక్క రెట్టింపగును. ఇరువదియాఱక్షరముల ఉత్కృతి ఛందమునకు వచ్చుసరికి వృత్తభేదములు 6,71,08,864 అని మన లాక్షణికులు ప్రస్తారముచే నిర్ణయించియున్నారు. కంప్యూటరును అట్టిదే. దానికి సున్న, ఒకటి యను రెండే గుర్తులు. పట్టికలో మడి సంఖ్యను వ్రాయుటకు ఎన్ని స్థానములు కేటాయించిరో, ఆ స్థానముల ప్రస్తారమెంతయో, అన్ని మళ్లనే అది గుర్తింపగలదు. ఎనిమిది గణములైన పిమ్మట తొమ్మిదవది లేనట్లే, ఆ సంఖ్య దాటిన మడికి పేరు లేదు. పేరు లేని మడి భూమిమీద నుండియు లెక్కలో లేనిదే. హద్దులన్నిటికిని మూలమిదియే.

1977 ప్రాంతమున మైక్రోసాఫ్టు సంస్థలో మార్క్ మెక్‌డొనాల్డు అను నాతడు ఫ్యాటు అను పట్టిక పద్ధతిని కల్పించెను. పిమ్మట పలుచని ఫ్లాపీ డిస్కులకై వాడిన దానిలో స్థానములు 12. ప్రస్తారము 4,096. చిన్న ఫ్లాపీకి అది చాలెను. హార్డు డిస్కులు వచ్చిన పిమ్మట 1984లో స్థానములను 16కు పెంచిరి. ప్రస్తారము 65,536. సెక్టర్ల లెక్కను గూడ 16 స్థానములలోనే వ్రాయుటచే, 65,536ను 512చే గుణింపగా వచ్చు 32 మెగాబైట్లు ఒక భాగమునకు హద్దయ్యెను. మూడు నాలుగేండ్లలోనే అది యిఱుకయ్యెను. 1988లో వచ్చిన ఎం.ఎస్. డాసు నాలుగవ కూర్పు నాటికి సెక్టర్ల లెక్కను 32 స్థానములకు పెంచిరి. అయినను మళ్ల గుంపులకిచ్చు సంఖ్య 16 స్థానములలోనే నిలిచెను. ఈ గుంపునకు క్లస్టరని పేరు. గుంపు పెద్దది చేసి, ఒక్కొక్కదానిలో 32 కిలోబైట్లు చేర్చి, ఎట్లో 2 గిగాబైట్ల వరకు సాగదీసిరి.

ఈ సాగదీయుటలో నొక నష్టము కలదు. ఒక గుంపును రెండు ఫైళ్లకు పంచరు. ఒక కిలోబైటు మాత్రమే గల చిన్న జాబు వ్రాసినను, దానికి 32 కిలోబైట్ల గుంపు పూర్తిగా నిచ్చివేయవలయును. ఒక సోలెడు బియ్యమునకు ఒక గోనెసంచి చొప్పున కేటాయించినట్లు. అట్టి జాబులు వేయి వ్రాసినచో ఒక మెగాబైటు సరకునకు 32 మెగాబైట్ల చోటు పోవును. కావున గుంపును పెంచుట దుబారా, పెంచకుండుట హద్దు. పట్టికలు వ్రాయువారెల్లరు ఈ రెంటి నడుమనే త్రాసు పట్టుకొని నిలిచియున్నారు.

1996లో ఫ్యాటు 32 వచ్చినది. పేరున 32 యున్నను, గుంపుల సంఖ్యకై అందు వాడునవి 28 స్థానములే. అనగా ఉత్కృతికి మఱి రెండక్షరములు చేర్చినట్లు, 26,84,35,456. దీనితో డిస్కు హద్దు చాల దూరము జరిగెను. కాని ఒక్కొక్క ఫైలు పొడవును వ్రాయు గడిలో స్థానములు 32. ఆ ప్రస్తారము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అందుచే ఏ ఫైలైనను 4 గిగాబైట్లకు ఒక బైటు తక్కువ వఱకే యుండవలయును. డిస్కులో నెంత ఖాళీ యున్నను ఇంతే.

మా యూరి దేవాలయమున జరిగిన హరికథను ఒక యువకుడు రెండు గంటలసేపు వీడియో తీసెను. దానిని 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో నెక్కింప బోవగా, ఫైలు మితిమీరినదని యంత్రము త్రోసిపుచ్చెను. పెన్‌డ్రైవులో మఱియొక్క వస్తువును లేదు. అతడు దానిని చెడినదనుకొని పాఱవేయబోయెను. నేను లెక్క వేసి చూపితిని. క్షణమునకు పది లక్షల బైట్ల చొప్పున తీసిన చిత్రము రెండు గంటలకు 720 కోట్ల బైట్లగును. ఫ్యాటు 32 గడిలో పట్టునది 429 కోట్లే. వస్తువు చెడలేదు, అందలి పట్టిక పాతది. పెన్‌డ్రైవులో నేమియు లేదు గనుక దానిని వేఱు పద్ధతిలో ఫార్మాటు చేయగా హరికథ సుఖముగా నిమిడెను. అనేక కెమేరాలు పొడవైన చిత్రమును 4 గిగాబైట్లకొక ముక్కగా త్రుంచి వ్రాయుటకు గూడ కారణమిదియే.

స్వభావము చేత వచ్చిన హద్దు వేఱు, మనుష్యుడు పెట్టిన హద్దు వేఱు. ఫ్యాటు 32 పద్ధతి 512 బైట్ల సెక్టర్లతో 2 టెరాబైట్ల వఱకు పోగలదు. అయినను విండోసు 2000 మొదలుకొని ఎన్నో యేండ్లు ఆ యంత్రములలోని ఫార్మాటు సాధనము 32 గిగాబైట్లకు మించిన భాగమును ఆ పద్ధతిలో వ్రాయ నిరాకరించుచు వచ్చినది. 1994లో మైక్రోసాఫ్టులో పనిచేయుచు ఆ సాధనపు కిటికీని వ్రాసిన డేవ్ ప్లమర్, గుంపు పరిమాణమును దుబారాను తూచి తానే ఆ సంఖ్యను నిర్ణయించితిననియు, అది తాత్కాలికమని తలచితిననియు తరువాతి కాలమున స్వయముగా చెప్పెను. ఒక దినపు నిర్ణయము ఒక తరమువారికి శాసనమయ్యెను. 2024లో మైక్రోసాఫ్టువారు, ఆదేశములు టైపు చేసి నడపు పద్ధతిలో ఈ హద్దును 2 టెరాబైట్లకు పెంచు మార్పును పరీక్షార్థపు విడుదలలో ప్రవేశపెట్టిరి. కావున యంత్రము కాదన్నంత మాత్రమున అది శాస్త్రము కాదన్నదని తలపరాదు. ఎవరు కాదన్నారో విచారింపవలయును.

ఇంతవఱకు ఒక్కొక్క భాగములోని పట్టికను గూర్చి చెప్పితిని. దీనికి పైన మఱియొక పట్టిక కలదు. అది డిస్కును ఎన్ని భాగములుగా పంచిరో, ఏ భాగమెక్కడ మొదలై యెంత దూరము పోవునో తెలుపును. అన్నదమ్ముల పంపకపు దస్తావేజు వంటిది. 1983లో ఐ.బి.ఎం. వారి యంత్రములతో వచ్చిన పంపకపు పద్ధతికి ఎం.బి.ఆర్. అని పేరు. అందు ముఖ్యభాగములు నాలుగింటికి మించరాదు. ప్రారంభమును పొడవును వ్రాయు గళ్లలో స్థానములు 32 చొప్పున నుండును. 429 కోట్ల చిల్లర సంఖ్యను 512చే గుణించినచో సుమారు 2 లక్షల 20 వేల కోట్ల బైట్లు వచ్చును. అనగా కంప్యూటరు లెక్కలో 2 టెరాబైట్లు. నాడు డిస్కు పరిమాణము 10 మెగాబైట్లు గనుక ఈ హద్దు ఆకాశమంత యెత్తున నున్నట్లు తోచెను. 2010లో 3 టెరాబైట్ల డిస్కులు అంగడికి వచ్చెను. ఆకాశము తలకు తగిలెను.

అట్టి డిస్కును పాత పంపకముతో ఫార్మాటు చేసినచో, 2 లక్షల 20 వేల కోట్లు మాత్రమే చేతికి వచ్చి, తక్కిన 80 వేల కోట్ల బైట్లు నిరుపయోగముగా మిగిలిపోవును. ఇది కేవలము నష్టము. దీనికంటె ఘోరమైనది మఱొకటి కలదు. కొన్ని పాత పెట్టెలు, తీగ జోడించు సాధనములు 32 స్థానములకు మించి లెక్కింపలేవు. మోటారుబండిలోని మైళ్ల లెక్క 99,999 దాటినపుడు మరల సున్నకు వచ్చునట్లు, అవి హద్దు దాటగనే మొదటికి వచ్చును. కొందఱికి 3 టెరాబైట్ల డిస్కు 746 గిగాబైట్లుగా కనబడుటకు హేతువిదియే. ఈ స్థితిలో హద్దు దాటిన చోట వ్రాయదలచినది వెనుకకు వచ్చి మొదటి మళ్లపై పడినచో, అచట నున్న పాత వ్రాత చెఱిగిపోవును. పట్టిక యుండునదియు ఆ మొదటి మళ్లలోనే గదా. డిస్కు తన యసలు పరిమాణమును చూపనిచో అందు ఒక్క అక్షరమైనను వ్రాయరాదు.

దీనికి పరిష్కారముగా వచ్చిన క్రొత్త పంపకమునకు జి.పి.టి. అని పేరు. ఇందలి సంఖ్యలకు స్థానములు 64. విండోసులో సాధారణముగా 128 భాగములు చేయవచ్చును. పట్టికకు రెండవ ప్రతి డిస్కు చివర నుండును, మొదటిది చెడినను రెండవది మిగులును. దస్తావేజును ఇంట నొకటి, బంధువుల యింట నొకటి యుంచినట్టి జాగ్రత్త యిది. 2 టెరాబైట్లకు మించిన డిస్కునకు జి.పి.టి.యే తగినది. విండోసు విస్టా మొదలు తరువాతి యంత్రములన్నియు దీనిని చదువగలవు. ముప్పదిరెండు బిట్ల విండోసు ఎక్స్‌పీ మాత్రము చదువలేదు.

కొనువారికి కలుగు సందేహమొకటి ఇచట తీర్చవలయును. 1 టెరాబైటని కొన్న డిస్కు విండోసులో 931 గిగాబైట్లని చూపును. అంగడివాడు మోసము చేయలేదు. అతడు వేయి చొప్పున గుణించును, యంత్రము 1,024 చొప్పున గుణించును. మన పాత కాలమున ఊరికొక మానిక, ఊరికొక వీసె యున్నట్లు, ఇది కొలతలోని భేదమే గాని సరకులోని లోటు కాదు. ఏడు వంతులలో ఒకటి, మూడు వంతులలో ఒకటి లోపించినపుడే పైన చెప్పిన హద్దులను శంకింపవలయును.

ఇక ఏ పద్ధతిని ఎన్నుకొనవలయును? నేడు ముఖ్యముగా మూడు కలవు.

మొదటిది 1993లో విండోసు ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్. ఇందు 4 గిగాబైట్ల ఫైలు హద్దు లేదు. సామాన్యముగా గుంపునకు 4 కిలోబైట్లు. గుంపుల సంఖ్యకు విండోసు వాడునది 32 స్థానములు గనుక ఈ గుంపుతో హద్దు 16 టెరాబైట్లు, అంగడి లెక్కలో పదిహేడున్నర. 18 టెరాబైట్ల డిస్కు కొన్నవాడు 4 కిలోబైట్ల గుంపు కోరినచో యంత్రమొప్పదు, 8 కిలోబైట్ల గుంపు నెన్నుకొనవలయును. 64 కిలోబైట్ల గుంపుతో హద్దు 256 టెరాబైట్లగును. గుంపు పరిమాణము ఫార్మాటు నాడే స్థిరపడును గనుక ముందే యోచింపవలయును. ఈ పద్ధతిలో మఱొక గుణము కలదు. వర్తకులు ముందు చిట్టాలో వ్రాసి పిమ్మట ఖాతాకెక్కించునట్లు, ఇది పట్టికలో చేయబోవు మార్పును ముందు చిట్టాలో వ్రాసికొనును. నడుమ కరెంటు పోయినను చిట్టా చూచి పట్టికను సరిదిద్దుకొనును. మన పల్లెలలో ఇది చిన్న మేలు కాదు.

రెండవది 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాటు. దీనికిని 4 గిగాబైట్ల హద్దు లేదు. విండోసు, ఆపిలు యంత్రములు రెండును దీనిలో చదివి వ్రాయగలవు. 2019లో దీని వివరమును మైక్రోసాఫ్టువారు బహిరంగపఱచిన పిమ్మట లినక్సులోనికిని వచ్చినది. చేతులు మాఱు పెన్‌డ్రైవులకును కెమేరా కార్డులకును ఇది అనుకూలము. కాని దీనికి చిట్టా లేదు. వ్రాయుచుండగా ఊడబెరికినచో పట్టిక చెడవచ్చును. మూడవది లినక్సు యంత్రములలో 2008 నుండి స్థిరపడిన ఎక్స్‌ట్ నాలుగు. దీనికి చిట్టా కలదు, హద్దులును చాల దూరము. అయితే విండోసు దీనిని తనంతట చదువదు. కొన్ని పాత టెలివిజనులు ఫ్యాటు 32ను తప్ప మఱొకదానిని ఎఱుగవు. కావున ఎవరు చదువవలయునో చూచికొని పద్ధతిని ఎన్నుకొనవలయును.

తుదిగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. సరకు గల డిస్కును పెట్టినపుడు యంత్రము ఒక్కొక్కసారి, ఇది ఫార్మాటు కాలేదు, ఇప్పుడు చేయుదునా యని అడుగును. వెంటనే అవునని మీట నొక్కరాదు. ఆ యంత్రమునకు ఆ పట్టిక చదువుట రాకపోవచ్చును, పట్టిక మాత్రము భద్రముగానే యుండవచ్చును. తెలుగు రాని యధికారి మన దస్తావేజును చూచి ఇది తెల్లకాగితమన్నంత మాత్రమున దానిని చింపనిత్తుమా? డిస్కును తీసి మఱొక యంత్రములో పెట్టి చూడవలయును. పొరపాటున ఫార్మాటు జరిగినచో, అందు క్రొత్తగా నేమియు వ్రాయక, వెంటనే తీసి పక్కన పెట్టి, తెలిసినవారికి చూపవలయును. తిరుగు పళ్లెముల డిస్కులో త్వరగా ముగియు ఫార్మాటు మాత్రమే జరిగియున్నచో పంట ఇంకను చేలోనే యుండును, మరల దున్నిన పిమ్మట దొరకదు. ఫార్మాటు తప్పనిసరియైనపుడు ముందుగా అందలి సరకునకు వేఱొక చోట ప్రతి తీసి, ఆ ప్రతి తెఱచుకొనుచున్నదని కన్నులార చూచికొనిన పిమ్మటనే పని మొదలుపెట్టవలయును. డిస్కు మరల అంగడిలో దొరకును. గతించిన తండ్రి కంఠస్వరము దొరకదు.

ఈ శాస్త్రమును కల్పించినవారెల్లరు తమ కాలమునకు చాలునంత సంఖ్యను పెట్టి, ఇక కొఱత రాదనుకొనిరి. పదియేండ్లకో ఇరువదియేండ్లకో అది నిండినది. నేటి జి.పి.టి. హద్దు ఎంతో దూరమున నున్నది, అది మనుమల కాలమునకు గూడ చాలునేమో. మన పని యంతకంటె చిన్నది. పేటిక కొనునపుడే దాని పట్టిక యేదని అడిగి తెలిసికొనుట. పిల్లలు డిస్కు తెచ్చిననాడు, ఇందలి పంపకము ఎం.బి.ఆర్.ఆ, జి.పి.టి.యా, పట్టిక ఫ్యాటు 32ఆ, మఱొకటియా యని పెద్దలు ప్రశ్నించినచో, వారు ఆశ్చర్యపడుదురు, ఆపై జాగ్రత్తపడుదురు.